ఆ 55 ఎక్కడిది?

"అన్నా, గివన్నీ సరే గని, పైసలొచ్చే ఆట ఏదో ఒక్కటి చెప్పరాదు."

రెండేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున ఈ ప్రశ్న విన్నాను. జమ్మికుంట నుంచి, పరకాల నుంచి, మహబూబాబాద్ నుంచి, అప్పుడప్పుడు డాలస్ నుంచి కూడా. డాలస్ వాళ్లు కొంచెం ఇంగ్లీషు కలిపి అడిగేవాళ్లు, అంతే తేడా.

2022 నుంచి 2024 దాకా ఒక ఇంటర్నెట్ రేడియోలో జూదం మీద కార్యక్రమం నడిపాను. మామూలు రోజుల్లో హనుమకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఆదివారం ఏడింటికి మాత్రం మేడమీది గదిలో ఫ్యాన్ ఆపేసి, కిటికీలకు బొంతలు కట్టి, మైకు ముందు కూర్చునేవాణ్ణి. ఇక్కడ పొద్దున ఏడైతే న్యూజెర్సీలో శనివారం రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఇక్కడివాళ్లు టీ తాగుతూ వినేవాళ్లు, అక్కడివాళ్లు ఏం తాగుతూ వినేవాళ్లో నేనెప్పుడూ అడగలేదు.

ఆడేవాడి వైపు లెక్క ఒరిగే ఆటలు ఉంటాయా, ఉంటే ఎక్కడ, ఎంత ఒరుగుతాయి, ఎంతకాలం ఒరుగుతాయి అన్నది మా విషయం. అమెరికాలో దీనికి పెద్ద చరిత్రే ఉంది. లాస్ వేగాస్ నుంచి ఏళ్ల తరబడి నడిచిన అలాంటి కార్యక్రమం ఒకటి వినీ వినీ నాకు ఈ పిచ్చి పట్టింది. తెలుగులో ఎవరూ చేయలేదు కదా అనుకున్నా. ఎందుకు చేయలేదో మెల్లగా తెలిసింది.

కార్యక్రమానికి 'మొగ్గు' అని పేరు పెట్టాను. అది మా బాపు దగ్గర తీసుకున్న మాట. ఆయన మార్కెట్ యార్డులో దడువాయి, అంటే కాంటా వేసే మనిషి. ముప్పై ఏళ్లు పత్తీ మిర్చీ తూచాడు. తరుగు అంటే తెలియని రైతు మా వైపు ఉండడు. తేమ అంటారు, చెత్త అంటారు, బస్తా బరువు అంటారు. ఒక్క బస్తా చూస్తే కిలోనో అరకిలోనో, దానికోసం ఎవడూ గల్లా పట్టుకోడు. సీజన్ మొత్తం కలిపితే ఒక ఎకరం పంట పోయినట్టు తెలుస్తుంది. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని చీటీలు రాసేవాణ్ణి. "ముల్లు ఎటు మొగ్గుతున్నదో ముందుగాల చూడు బిడ్డా, ఎంతున్నదో తర్వాత రాయొచ్చు" అనేవాడు. తర్వాత నేను చదివిన సంభావ్యతా శాస్త్రంలో సగం ఆ మాటలోనే ఉంది. మిగతా సగం, ఆ మొగ్గు ఎంత చిన్నదైతే అంత నిశ్శబ్దంగా పని చేస్తుందన్నది. క్యాసినోలో బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే రూలెట్ చక్రంలో, యూరప్ రకంలో, 37 గళ్లుంటాయి, గెలిస్తే 36 గళ్లున్నట్టు లెక్కగట్టి ఇస్తారు. ఆ ఒక్క గడి తరుగు. నూటికి 2 రూపాయల 70 పైసలు. క్యాసినోల భవనాలు కట్టింది దాంతోనే.

మొదటి ఎపిసోడ్‌కి అందర్ బాహర్ తీసుకున్నాను. దసరాకో దీపావళికో పేపర్ తెరిస్తే జిల్లా పేజీలో 'ఏడుగురు పేకాటరాయుళ్ల అరెస్ట్' అని ఉంటుందే, అందులో సగం ఈ ఆటే. ఒక ముక్క మధ్యలో తెరిచి పెడతారు. మిగతా 51 ముక్కలు లోపల ఒకటి, బయట ఒకటి వేసుకుంటూ పోతారు. మధ్యలో ఉన్న అంకె ఏ వైపు ముందు పడితే ఆ వైపు గెలుపు. ఎవరినడిగినా సగం సగం అంటారు. ఒక కాగితం, పావుగంట టైం ఉంటే అది తప్పని చూపించొచ్చు. మొదటి ముక్క పడే వైపుకు అవకాశం 51.5 శాతం, రెండో వైపుకు 48.5. రూపాయికి రూపాయి ఇచ్చే ఆటలో ఎప్పుడూ మొదటి ముక్క పడే వైపే కాస్తే వందకు మూడు రూపాయలు మన వైపు మొగ్గు. క్యాసినోలకు ఈ సంగతి తెలుసు, అందుకే ఆ వైపు గెలిస్తే రూపాయికి 90 పైసలే ఇస్తారు. చెట్టు కింద దుప్పటి పరిచినవాడికి ఈ లెక్క తెలియకపోవచ్చు గానీ తన కోత తాను తీసుకోవడం తెలుసు. ఆ కోత మూడు రూపాయలు దాటిందంటే మీ మొగ్గు పోయినట్టే.

ఆ చివరి రెండు వాక్యాలు ఎవరూ వినలేదు. వారమంతా వాట్సాప్‌లో "ఫస్ట్ ముక్క సైడ్" అని మెసేజ్‌లు.

దాంతో రెండో వారం మొత్తం ఒకే సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆ మూడు శాతం మొగ్గుతోనే వంద ఆటలు ఆడారనుకోండి. సగటున మిగిలేది మూడు పందేలు. అదృష్టం కొద్దీ అటో ఇటో ఊగేది పది పందేలు. వందమంది మనుషులు ఇలా వందేసి ఆటలు ఆడితే, లెక్క తమ వైపే ఉన్నా, సుమారు 35 మంది నష్టంతోనే లేస్తారు. వెయ్యి ఆటలు ఆడితే నష్టపోయేవాళ్లు 16 మందికి తగ్గుతారు. పదివేల ఆటలకు దాదాపు ఎవరూ మిగలరు. కాకపోతే పదివేల ఆటలు కూర్చోనిచ్చే చెట్టు మన జిల్లాల్లో లేదు. అంతకుముందే పోలీసు జీపు వస్తుంది.

మట్కా గురించి అడిగినవాళ్లకు ఒక్క నిమిషం చాలు. పది అంకెల్లో ఒకటి తగిలితే రూపాయికి తొమ్మిది ఇస్తారు. పదింటికి తొమ్మిది. ఇంకేం లెక్క కావాలి? కలలో పాము కనిపిస్తే ఏ అంకె, శవం ఎదురైతే ఏ అంకె అని చార్టులు దాచుకునే పెద్దమనుషులతో వాదించే ఓపిక నాకు లేదు.

అసలు మొగ్గు అంటే ఏంటో చూపించడానికి నేను అమెరికాకు పోవాల్సి వచ్చింది, రేడియోలోనే. 1956లో అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు యువకులు టేబుల్ కాలిక్యులేటర్లు ముందు పెట్టుకుని, 21 దాటకుండా దానికి దగ్గరగా చేరాల్సిన బ్లాక్‌జాక్ అనే పేకాటలో ఏ ముక్కలొస్తే ఏం చేయాలో మొత్తం లెక్కగట్టి ఒక గణాంక శాస్త్ర పత్రికలో వేశారు. ఆ లెక్క ప్రకారం ఆడితే ఇప్పటి మామూలు నియమాల్లో క్యాసినో మొగ్గు అర శాతం చుట్టుపక్కలకు దిగుతుంది. ఆ తర్వాత ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితం సారు ఐబీఎం 704 కంప్యూటర్ మీద కూర్చుని ఇంకో అడుగు వేశాడు. అయిపోయిన ముక్కలు మళ్లీ రావు కాబట్టి, మిగిలిన కట్టలో పదులు, ఏస్‌లు ఎక్కువున్నప్పుడు లెక్క ఆడేవాడి వైపు తిరుగుతుందని తేల్చి, 1962లో పుస్తకమే రాశాడు. కార్డ్ కౌంటింగ్ అంటే ఇదే. సినిమాల్లో చూపించినట్టు కళ్లు మూసుకుని ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవడం ఉండదు. చిన్న ముక్క పోతే ఒకటి కలపాలి, పెద్ద ముక్క పోతే ఒకటి తీసేయాలి, మొత్తం ఎటుందో చూసి పందెం పెంచాలో తగ్గించాలో నిర్ణయించుకోవాలి. మా బాపుకైతే పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వచ్చేసేది.

ఈ పని నిజంగా చేసిన మనిషి ఒకాయన దొరికాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి న్యూజెర్సీ అన్న అందాం. కాజీపేటలో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడి, ఆరేళ్లు శని ఆదివారాలు న్యూజెర్సీలోని క్యాసినోల ఊరు అట్లాంటిక్ సిటీలో ముక్కలు లెక్కపెట్టాడు. న్యూజెర్సీయే ఎందుకంటే, అక్కడ లెక్కపెట్టేవాణ్ణి క్యాసినో బయటకు పంపడానికి వీల్లేదు. కెన్ ఉస్టన్ అనే ఆటగాడు వేసిన కేసులో 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అలా తీర్పిచ్చింది. లాస్ వేగాస్ ఉన్న నెవాడాలో అయితే భుజం మీద చెయ్యేసి "నీ ఆట చాలు" అంటారు. న్యూజెర్సీలో ఆ మాట అనలేరు కాబట్టి సగం కట్ట కాగానే మళ్లీ కలిపేస్తారు. మొగ్గు దానంతటదే మాయం.

సంపాదన ఎంత అన్నా అని అడిగాను. ఆయన దాచలేదు. సగటు పందెం 25 డాలర్లు, గంటకు 80 ఆటలు, మొగ్గు ఒక శాతం. గుణించుకోండి, గంటకు 20 డాలర్లు. అదే గంటలో అదృష్టం ఊపే ఊపు సుమారు 250 డాలర్లు. "ఆరేండ్లల్ల నాకు బాగ గుర్తున్నయి గెలిచిన రాత్రులు కావు తమ్మీ, వరుసగా 11 వారాలు ఓడిన" అన్నాడు. ఇంట్లో వదినకు నోట్‌బుక్ చూపించి నమ్మించాల్సి వచ్చేదట. చివరికి బోర్ కొట్టి మానేశాడు.

మా కార్యక్రమంలో ఎక్కువమంది విన్నది ఆ ఎపిసోడే. ఆ గంటలో ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. అయినా ఆ ఎపిసోడ్ మొత్తానికి ఒక అబద్ధం చెప్పిందని నేననుకుంటున్నాను, ఇన్నాళ్లకు. కారణం చాలా మామూలుది. లెక్కపెట్టి ఓడినవాణ్ణి నేను పిలవలేదు. అర శాతం తప్పు చేసి మొగ్గు పోగొట్టుకున్నవాణ్ణి, మొగ్గు ఉండి కూడా డబ్బులు ముందే అయిపోయినవాణ్ణి పిలవలేదు. పిలిచినా రారు, ఓడినవాడికి రేడియోలో ఏం పని? మైకు దగ్గరికి వచ్చేవాళ్లంతా గెలిచినవాళ్లే అయితే, వినేవాడి చెవికి ప్రపంచమంతా గెలిచినట్టే వినపడుతుంది. ఎంసెట్ ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే ఊళ్లో పాఠాలు చెప్పేవాణ్ణి, ఈ సంగతి నాకు ముందే తట్టాలి.

మా వీధిలో రిటైరైన తెలుగు సారు ఒకాయన ఉన్నారు. కార్యక్రమం మొదలైన నెలకే గేటు దగ్గర ఆపి కడిగేశారు. "లెక్కలు చెప్పేటోనివి, జూదం చెప్తవా? ధర్మరాజు అంతటోడు పెండ్లాన్ని ఒడ్డిండు." నా జవాబు అప్పటికే తయారుగా ఉండేది. జూదం గురించి మాట్లాడకపోవడం వల్ల ఎవరు ఆగారు సార్? సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని యాభై ఏళ్లు క్లబ్బులు నడిచాయి, తర్వాత యాప్‌లు నడిచాయి. మన రాష్ట్రం 2017లో చట్టం మార్చి ఆ దారి మూసింది. అయినా ఫోన్లో లొకేషన్ మార్చే యాప్ వేసుకుని ఆడినవాళ్లు నా క్లాసులోనే కూర్చున్నారు. నా కార్యక్రమం ఆగిపోయాక, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. నడిపేవాడికి, ప్రచారం చేసేవాడికి శిక్షలు పెట్టింది, ఆడేవాణ్ణి వదిలేసింది. మంచిదే. నేను నిషేధానికి వ్యతిరేకిని కాను. తరుగు తీసేవాణ్ణి పట్టుకోవాల్సిందే. రైతుకు కాంటా చదవడం కూడా రావాలి కదా, అంతవరకే నా వాదన.

నైపుణ్యం అన్న మాట ఒక్కటి ఎంతమందిని ముంచిందో చెప్తే సారు కూడా కాసేపు విన్నారు. రమ్మీలో నైపుణ్యం ఉంది, నిజమే. ఆరుగురు కూర్చుని తలా వంద వేస్తే 600. అందులో నూటికి పది నిర్వాహకుడు తీసుకుంటే గెలిచినవాడికి 540. అందరూ సమానమైన ఆటగాళ్లయితే ఆరింట ఒకసారి గెలుస్తారు, అంటే 16.7 శాతం. డబ్బులు పోకుండా ఉండాలంటే 18.5 శాతం గెలవాలి. పక్కన కూర్చున్న ఐదుగురికంటే బాగా ఆడితే చాలదు, ఆ పది రూపాయలు మోయగలిగేంత బాగా ఆడాలి. తర్వాత ఆన్‌లైన్ ఆటల్లో 2023 ఏప్రిల్ నుంచి నికరంగా గెలిచిన మొత్తం మీద 30 శాతం టీడీఎస్ (చేతికి రాకముందే కోసే పన్ను), అక్టోబరు నుంచి పెట్టిన డబ్బు మీద 28 శాతం జీఎస్టీ కూడా వచ్చి పడ్డాయి. నైపుణ్యం మీదే, మొగ్గు మాత్రం ఇంకెవరిదో. ఊళ్లో అందరికంటే బాగా పత్తాలాడేవాడు ఊళ్లో అందరికంటే ఎక్కువ అప్పుల్లో ఎందుకుంటాడో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

వారం తర్వాత సారు మళ్లీ ఆపారు. ఈసారి నలుడి కథతో. అరణ్యపర్వంలో ఉంది. జూదంలో రాజ్యం పోయి, ఋతుపర్ణుడి దగ్గర బాహుకుడనే పేరుతో రథం తోలుతుంటాడు నలుడు. దారిలో ఒక తాండ్ర చెట్టును చూసి ఋతుపర్ణుడు రెండు కొమ్మలకు 2,095 కాయలున్నాయని చెప్తాడు, అక్షహృదయం, అంటే పాచికల రహస్యమూ లెక్కించే విద్యా తెలిసినవాడు కాబట్టి. పోనీలే అని నలుడు ముందుకు పోడు. తొందరలో ఉన్నాం అని రాజు మొత్తుకున్నా రథం ఆపి, చెట్టు పడగొట్టి, లెక్కపెట్టి చూస్తాడు. సరిపోయాకే ఆ విద్య నాకివ్వు, నా అశ్వవిద్య నువ్వు తీసుకో అంటాడు. తర్వాత పుష్కరుణ్ణి ఓడించి రాజ్యం తెచ్చుకున్నది అందరికీ తెలుసు.

"నీ రేడియో వినేటోళ్లల్ల చెట్టు కొట్టి లెక్కపెట్టేటోడు ఎవడన్న ఉన్నడా?" అన్నారు సారు.

ఉన్నాడు. అదే బాధ.

2023లో ఐపీఎల్ అయిపోయిన కొన్నాళ్లకు ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. పరకాల అవతల ఊరు. డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. కార్యక్రమంలో మాట్లాడటానికి కాదు, విడిగా కలవాలి అన్నాడు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక టీ హోటల్లో కూర్చున్నాం. సంచిలోంచి రెండు వందల పేజీల నోట్‌బుక్ తీశాడు. తేదీ, మ్యాచ్, పందెం, ఎంత, గెలుపా ఓటమా, చేతిలో మిగిలింది ఎంత, అన్నీ గీతలు కొట్టి రాసి ఉన్నాయి. నా క్లాసులో ఇంత శుభ్రంగా రాసే పిల్లలు ఇద్దరు కూడా ఉండరు. మొత్తం 214 పందేలు.

అంతకు కొన్నాళ్ల ముందు నేను కెల్లీ సూత్రం మీద ఎపిసోడ్ చేశాను. జాన్ కెల్లీ అనే శాస్త్రవేత్త, అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో పనిచేస్తూ, 1956లో చెప్పింది అది. మొగ్గు మన వైపు ఉన్నప్పుడు చేతిలో ఉన్న సొమ్ములో ఎంత భాగం పందెం కాయాలి? మరీ తక్కువైతే లాభం మందగిస్తుంది, మరీ ఎక్కువైతే మొగ్గు ఉండి కూడా మునుగుతావు. అందమైన సూత్రం, చెప్తుంటే నాకే ముచ్చటేసింది. ఉదాహరణగా ఒక లెక్క చేశాను. వెయ్యి పెట్టి గెలిస్తే 900 లాభం వచ్చే పందెం, మన గెలుపు అవకాశం 55 శాతం అనుకుందాం, అప్పుడు చేతిలో ఉన్నదాంట్లో 5 శాతం కాయాలి.

ఆ అబ్బాయి అదే చేశాడు. అక్షరాలా అదే. వాళ్ల నాయిన పత్తి అమ్మిన డబ్బు, లక్షన్నర, ఇతని బ్యాంకు ఖాతాలో ఉంది. ప్రతి పందేనికీ ఉన్నదాంట్లో 5 శాతం. కోపంలో రెట్టింపు చేయలేదు. తాగి ఆడలేదు. అప్పు తేలేదు. టీవీ డిబేట్లలో జూదగాడికి అంటగట్టే లక్షణాలు ఒక్కటీ లేవు. 214లో 101 గెలిచాడు, 113 ఓడాడు. చివరి పేజీలో దాదాపు 39 వేలు మిగిలాయి.

తిడతాడేమో అనుకున్నా. "నువ్వు చెప్పిన లెక్కనే ఏసిన అన్నా" అన్నాడు, ఫిర్యాదులా కూడా కాదు, హోంవర్క్ చూపించినట్టు. తర్వాత ఒకటే అడిగాడు.

"55 అని ఎట్ల తెలుస్తదన్నా?"

ఇంటికొచ్చి ఆ ఎపిసోడ్ మళ్లీ విన్నాను. మొత్తం 52 నిమిషాలు. సూత్రం ఎలా వచ్చింది, సగం కెల్లీ (సూత్రం చెప్పినదాంట్లో సగమే కాయడం) అంటే ఏంటి, ఎందుకు మంచిది అని నలభై నిమిషాలు చెప్పాను. మొగ్గు ఎంతో ముందే తెలిసి ఉండాలి అన్న మాట ఒకసారి వచ్చింది. ఒక వాక్యం. 'అనుకుందాం' అన్న మాట లెక్కల సారుకు ఊపిరి లాంటిది, రోజుకు వందసార్లు అంటాం. వినేవాడికి అది లెక్కలోని ఊహ అని తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెప్పలేదు.

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇది. బ్లాక్‌జాక్‌లో మొగ్గు కట్టలోనే ఉంటుంది. 52 ముక్కలు కళ్ల ముందున్నాయి, పోయినవి ఏవో తెలుసు, మిగిలినవి ఏవో తెలుసు, కూడితే వస్తుంది. అందర్ బాహర్‌లో 51.5 కూడా అంతే. ఒక్క పందెం కాయకుండా, ఇంట్లో కూర్చుని కాగితం మీద తేల్చొచ్చు. క్రికెట్‌లో అలాంటి కట్ట లేదు. వాంఖడేలో మంచు ఎప్పుడు పడుతుందో, ఏ బౌలర్‌కు మోకాలు నొప్పో, పందెం రేటు కట్టినవాడికి నీకంటే ఎంత ఎక్కువ తెలుసో ఏ సూత్రంలోనూ ఉండదు. అక్కడ మొగ్గు లెక్కగట్టేది కాదు, అంచనా వేసేది. అంచనా సరైందో కాదో తెలియాలంటే ఆడి చూడాలి. ఎన్నిసార్లు? 55కు, 50కి తేడా నమ్మకంగా చెప్పాలంటే సుమారు 400 పందేలు. 53కు, 50కి తేడా చెప్పాలంటే 1,100. వెయ్యికి 900 ఇచ్చే పందెంలో నష్టం లేకుండా బయటపడాలంటేనే 52.6 శాతం గెలవాలి. అంటే నీకు మొగ్గు ఉందో లేదో తెలుసుకోవడానికే నీ డబ్బులు అయిపోతాయి.

నిజంగా 55 శాతం గెలిచేవాడు 214లో 101 మాత్రమే గెలవడం నూటికి ఒకసారో ఏమో జరుగుతుంది. కాబట్టి ఆ 55 అబద్ధం. దాన్ని పుట్టించింది నేను, బోర్డు మీద రాసినంత తేలిగ్గా.

ఇది చదివి, చూశావా, అందుకే జూదం గురించి మాట్లాడొద్దంది అనేవాళ్లు ఉంటారు. నాకు అలా అనిపించలేదు. ఆ అబ్బాయి నా కార్యక్రమం వినకముందు కూడా ఆడేవాడు, రాసుకోకుండా. మనసు చెప్పిందే 55 అనుకునేవాడు. నేను చేసిన తప్పు మాట్లాడటం కాదు, ముందు చెప్పాల్సింది వెనక చెప్పడం. ఇప్పటికీ టెలిగ్రామ్‌లో 'ఫిక్స్‌డ్ మ్యాచ్, 100 శాతం గ్యారంటీ' అని రోజూ మెసేజ్‌లు వస్తాయి. 2025లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసులు పెట్టారు. వాళ్లంతా గెలుపు గురించే మాట్లాడారు. "ఎట్ల తెలుస్తది" అన్న ప్రశ్న అడిగేవాడు ఒక్కడన్నా ఉండాలి కదా. అయితే ఇది నా సమర్థింపు కూడా కావచ్చు, లక్షా పదకొండు వేలు నావి కావు కాబట్టి.

ఆ తర్వాత కార్యక్రమం మారింది. ఏ ఆట వచ్చినా మొదటి అరగంట ఒకటే, ఈ అంకె ఎక్కడిది, ఎవరు లెక్కపెట్టారు, నువ్వు లెక్కపెట్టగలవా. గెలిచినవాణ్ణి పిలిస్తే నోట్‌బుక్ తెమ్మన్నాను. చాలామంది అక్కడే ఆగిపోయారు. "గుర్తున్నయి అన్నా, రాస్కోలే" అనేవాళ్లు. గుర్తున్నవి ఎప్పుడూ గెలిచినవే ఉంటాయి, మా బాపు చీటీ లేని బస్తాను ఎందుకు ఎత్తనిచ్చేవాడు కాదో అప్పుడు తెలిసింది. వినేవాళ్లు తగ్గారు. రేడియో నడిపే మిత్రుడు మొహమాటానికి ఏమీ అనలేదు గానీ మా టైం ఏడు నుంచి ఆరుకు జరిగింది. ఆదివారం పొద్దున ఆరింటికి సంభావ్యత వినేవాళ్లు ఎవరుంటారు? నడవడానికి పోయే పెద్దవాళ్లు కొందరు. వాళ్లకు చిట్టీల గురించి చెప్పమని ఉండేది. చెప్పాను. ఎన్నో నెలలో పాడితే ఎంత పడుతుంది, చిట్టీ నడిపేవాడి కమిషన్ 2019లో 5 శాతం నుంచి 7కు ఎందుకు పెరిగింది, అదంతా. నిజం చెప్పాలంటే కార్డ్ కౌంటింగ్ కంటే మా ఊరికి పనికొచ్చిన ఎపిసోడ్‌లు అవే.

2024లో ఆపేద్దామనుకున్నప్పుడు ఆ అబ్బాయికి ఫోన్ చేసి, పేరూ ఊరూ చెప్పకుండా నోట్‌బుక్ చదవొచ్చా అని అడిగాను. సరే అన్నాడు. అతను అప్పటికి ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. చివరి ఎపిసోడ్‌లో ఇంకేం చెప్పలేదు. అతిథులు లేరు. మొదటి పందెం నుంచి 214వ పందెం దాకా వరుసగా చదివాను. మ్యాచ్, పందెం, గెలుపు, మిగిలింది. మ్యాచ్, పందెం, ఓటమి, మిగిలింది. 41 నిమిషాలు పట్టింది. మధ్యలో వరుసగా ఆరు గెలిచిన చోట ఫోన్లు మోగాయి, ఎత్తలేదు.

చదవడం అయ్యేసరికి న్యూజెర్సీ అన్న మెసేజ్ వచ్చి ఉంది. "బాగ చదివినవ్ తమ్మీ. 55 కాదని ఒప్పుకుంట. కాని 53 కాదని 214తోని తేలది. ఇంకో 900 గావాలె."

లెక్క ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే. ఆ మెసేజ్ రేడియోలో చదవలేదు. ఫ్యాన్ వేసి, మైకు తీసేశాను.